నల్ల జుట్టు కంకణం

ఊనా ఇనిష్‌బాన్ దీవికి కాపరానికొచ్చి పది వారాలైంది. ఆ రోజు పొద్దున్నే రొట్టెపిండి కలుపుతోంది. బయట వాన లేదు, గాలీ లేదు. అక్కడ అలాంటి పూట దొరకడం అపురూపం. తలుపు పైసగం తెరిచి ఉంది. కోళ్ళ అరుపులు, గట్టు మీద సముద్రపు నాచు ఆరబెడుతున్న ఆడవాళ్ళ మాటలు అందులోంచి లోపలికొస్తున్నాయి. పొయ్యిలో బురదనేల తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలు పొగ లేకుండా ఎర్రగా కాలుతున్నాయి. పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని అత్తగారు నాబ్లా ఊలు వడుకుతోంది.

నాబ్లాకి కోడలంటే పడదు. దీవిలో ఆడపిల్లలు కరువైనట్టు అవతలి ఒడ్డుకెళ్ళి, ఆవు కాదు కదా మేకపిల్ల కూడా తోలుకురాని దాన్ని కట్టుకొచ్చాడని కొడుకు మీద కోపం. ఆ కోపమంతా కోడలి మీద చూపిస్తుంది. ఊనా కూడా తక్కువది కాదు. ఒకటంటే రెండంటుంది. ఇద్దరి మధ్యా ఊనా మొగుడు కోలీన్ తల వంచుకుని తిని, తల వంచుకుని పనికి పోతాడు.

పిండి కలిపేటప్పుడు ఎడమచేతి కంకణాన్ని ఊనా మోచేతి దాకా పైకి తోసుకుంటుంది. వేలెడు వెడల్పు, ఎనిమిది పాయల అల్లిక. మొత్తం జుట్టే, కాకిరెక్క లాంటి నల్లజుట్టు. పెళ్ళికి ముందు కోలీన్ తన చేత్తో అల్లి కట్టింది.

కిందటేడు వేసవి చివర్లో, అవతలి ఒడ్డున ఊనా వాళ్ళ ఊరు రోస్‌డూ సంతకి, సబ్బులవాళ్ళు కొనే నాచుబూడిద అమ్ముకోవడానికి కోలీన్ వచ్చినప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. ఎంత ఎండలోనూ టోపీ తీసేవాడు కాదు. ఊనాయే ఒకసారి వెనకనుంచి లాగేసింది. కింద బోడితల. వసంతంలో విషజ్వరం వస్తే గొరిగేశారట. తర్వాత తలంతా పొక్కులు లేచి నెలనెలా గొరుగుతూనే ఉన్నారట. గొర్రెలతో పాటు నిన్ను కూడా నిలబెట్టి కత్తిరించారేమో అని ఊనా ఏడిపిస్తే, చెవుల దాకా ఎర్రబడి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చింది.

అక్టోబరులో ఊనా తండ్రి ఆమెకి ఒక సంబంధం చూశాడు. రెండావులున్న ముసలి విధురుడు. అప్పుడామె కోలీన్‌కి కబురంపింది. నవంబరు సగం దాటేలోగా గుర్తు తెచ్చి కడితే నీదాన్ని, లేకపోతే ఆవులవాడిదాన్ని అని. అక్కడి పెళ్ళిళ్ళలో పెట్టే బొమ్మ చెక్కిన ఉంగరం తెస్తానన్నాడు. వద్దంది.

"రెండు చేతులు, మధ్యలో గుండె, నెత్తిన కిరీటం. చేతులంటే స్నేహం, గుండె అంటే ప్రేమ, కిరీటమంటే మాట తప్పకపోవడం. ఆ ఉంగరాలు మాట తప్పినవాళ్ళ వేళ్ళకీ చూశాను," అంది. "నాకు నీ జుట్టు కావాలి. మా అమ్మమ్మ చేతికి మా తాత తన జుట్టే అల్లి కట్టాడు, చచ్చేదాకా విప్పలేదావిడ. ఆ కంకణంలో జుట్టు ఎవరి తలమీద మొలిచిందో ఆడది వాళ్ళదై పోతుందట. కొన్నదాంతో నన్ను కట్టెయ్యలేవు."

బోడితలవాణ్ణి జుట్టడగడంలో కొంత చిలిపితనం కూడా ఉంది. పెరిగేదాకా ఆగమంటాడనుకుంది. కానీ నవంబరు రెండోవారంలోనే కంకణం తెచ్చాడు. జ్వరంలో గొరిగినప్పుడు అమ్మ దాచిపెట్టిందిలే అన్నాడు. ఊనా చెయ్యి చాచింది. ఈస్టర్ ఉపవాసాలు మొదలవక ముందే పెళ్ళైపోయింది.

కట్టిన రోజునుంచీ కంకణం తడిగానే ఉండేది. సముద్రపు గాలి అనుకుంది. పొయ్యి దగ్గర కూర్చున్నా ఆరేది కాదు. దాని కింద చర్మం మీద ఉప్పు తెల్లగా కట్టేది. తుడిస్తే మళ్ళీ కట్టేది.

ఆ పొద్దున రొట్టె కాల్చి, కోసి బల్లమీద పెట్టింది. నాబ్లా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. పెదాల మధ్యనుంచి ఒక వెంట్రుక పట్టుకుని లాగింది. లాగుతూనే ఉంది. మూరెడు వచ్చింది, గొంతులోంచి వస్తున్నట్టు. మిగతా ముక్క విరిస్తే అందులో ఇంకో నాలుగు. అన్నీ నల్లవే, తడిగా.

"మీ ఇంట్లో ఇలాగే తింటారా?" అంది నాబ్లా.

ఊనా ఆ వెంట్రుకని తీసి వెలుతురులో చూసింది. తన జుట్టు రాగిరంగు. అత్తగారిది నెరిసిన తల. ఇక కోలీన్... పెళ్ళయ్యాక పొక్కులు మానిపోయి, ఇప్పుడిప్పుడే అంగుళం పెరిగిన ఆ జుట్టు ఎండుగడ్డి రంగులో ఉంది. ఆ మాట ఇదివరకు అడిగితే, జ్వరం తర్వాత రంగు మారుతుందిలే అన్నాడు. నమ్మింది.

"అత్తయ్యా, జ్వరంలో తీసిన ఆయన జుట్టు మీరే దాచారటగా?"

"జ్వరం జుట్టు ఎవరైనా దాస్తారటే? ఈ పొయ్యిలోనే వేశాను. వెంట్రుక మిగలకుండా." నాబ్లా ఆమె మణికట్టు వంక చూసింది. "అయినా వాడు పుట్టినప్పటినుంచీ గడ్డిబొచ్చువాడే. ఆ నల్లది ఎవడిదో నిన్నే అడగాలని నేననుకుంటున్నాను."

ఊనా పిండిచేతులు కడుక్కోకుండానే బయటికి నడిచింది.

పొలం చివర రాతిగోడ దగ్గర కోలీన్ ఇటు వీపుపెట్టి నిలబడి ఉన్నాడు. సముద్రం వైపు చూస్తున్నాడు. నడుస్తూనే తిట్లు మొదలుపెట్టింది. ఎవత్తె జుట్టు నా చేతికి కట్టావు, మీ అమ్మ చేత నన్ను మాటలనిపించడానికా అని. అతను తిరగలేదు. ఇంకాస్త దగ్గరికెళ్ళాక ఆమెకి అతని తల కనిపించింది. బోడితల. నున్నగా గొరిగింది కాదు. కత్తి తిన్నగా తెగక అక్కడక్కడా కుచ్చులు మిగిలి, ఒకచోట చర్మం లేచి... సంతలో తను టోపీ లాగిన రోజు చూసిన తలే అనుకుంది ఒక్క క్షణం.

కానీ ఇప్పుడతనికి జుట్టుందిగా.

ఆగిపోయింది. చొక్కా అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. వాన లేదు. బొట్టు బొట్టుగా రాళ్ళమీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చాలాకాలం మూసిపెట్టిన పీపా తెరిస్తే వచ్చే ఉప్పుచేపల వాసన...

"ఎవరితో మాట్లాడుతున్నావే?"

వెనకనుంచి కోలీన్ గొంతు. బంగాళాదుంపల మడిలోంచి పార భుజాన వేసుకుని వస్తున్నాడు. ఊనా అటు చూసి, మళ్ళీ గోడ వైపు చూసింది. ఎవరూ లేరు. రాళ్ళు రెండు మాత్రం తడిసి ఉన్నాయి.

ఆమె మొహం చూడగానే కోలీన్‌కి అర్థమైంది. పార నేలమీద పెట్టి, గొంతు బాగా తగ్గించి, మొదటిసారి నిజం చెప్పాడు. కిందటి నవంబరులో తుఫాను వచ్చిన మర్నాడు నాచు ఏరడానికి ఒక్కడే పడమటి రేవుకెళ్ళాడు. రాళ్ళ మధ్య ఒక మనిషి, మునిగి చచ్చిపోయి, వెల్లకిలా పడి ఉన్నాడు. ఏ దేశం ఓడలో వాడో తెలీదు. చెవికి పోగు, జుట్టేమో భుజాలు దాటి ఉంది. ఇటు చూస్తే ఊనా పెట్టిన గడువు నాలుగు రోజులే. చేతిలో నాచు కోసే కత్తి ఉంది.

"కళ్ళు మూశావా?" అంది ఊనా.

కోలీన్ బూటుతో మట్టి గీకాడు.

"మూశావా?"

"మూతపడలేదు."

"తర్వాత?"

"ఊళ్ళోవాళ్ళకి చెప్తే శ్మశానానికి మోసుకెళ్తారు. ఆ తల చూస్తే అడుగుతారు. అక్కడే గులకరాళ్ళ కింద..."

"ప్రార్థన కూడా లేకుండా."

అతను వంగి పార తీసుకున్నాడు.

"అంటే నువ్వు నాకు వాడితో పెళ్ళి చేశావన్నమాట," అంది ఊనా మెల్లగా. "ఎవరి తలమీద మొలిచిందో వాడిదాన్ని కదా నేను."

అక్కడికక్కడే కంకణం తీసెయ్యబోయింది. పొద్దున మోచేతి దాకా జారినది ఇప్పుడు మణికట్టు దాటలేదు. అల్లిక చర్మంలోకి దిగింది. కోలీన్ కత్తితో కోసేస్తానన్నాడు. ఊరికే కోసి పారేస్తే లాభం లేదు, ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే ఇచ్చి, క్షమించమని అడగాలని ఊనా పట్టుబట్టింది. చచ్చినవాడికి జుట్టెందుకని అతను విసుక్కున్నాడు. పైగా గులకరాళ్ళ గట్టు అడుగుభాగం నీళ్ళలోనే ఉంది, నీళ్ళు బాగా వెనక్కి తగ్గే పెద్ద పాటు వచ్చేదాకా తవ్వడం కుదరదన్నాడు. అందుకు మూడు రోజులుంది.

రెండోరోజున మంచు దిగింది. సముద్రంమీంచి తెల్లగా, దట్టంగా, మేకల్ని కప్పేసి, గోడల్ని కప్పేసి, గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆ తెల్లదనంలో పగలు, సాయంత్రం తేడా తెలియలేదు. ఇంట్లో బట్టలు చెమ్మగిల్లాయి. పాలకుండలో వెంట్రుకలు, ఉడికిన దుంపల్లో వెంట్రుకలు. నాబ్లా వడుకుతున్న తెల్ల ఊలులోంచి నల్లదారం రావడం మొదలైంది. ఆవిడ కదురు నేలకేసి కొట్టి, దాన్ని బయటికి పంపు, లేకపోతే నేనే పోతాను అని కొడుకుతో అంది. తర్వాత అదే గుక్కలో, ఇందాక తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డావెందుకురా, లోపలికి రమ్మంటే పలకవేం అనడిగింది.

కోలీన్ పొద్దున్నుంచీ పొయ్యి ముందునుంచి కదల్లేదు.

మూడోరోజు మధ్యాహ్నం, నీళ్ళు బాగా వెనక్కి తగ్గే వేళ చూసుకుని ఇద్దరూ బయల్దేరారు. కోలీన్ పార తీసుకున్నాడు. ఊనా గొర్రెబొచ్చు కత్తెర ఏప్రను జేబులో వేసుకుంది. దారి కనిపించదు. గోడ తడుముకుంటూ వెళ్ళారు. గోడ అయిపోయాక కోలీన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కాళ్ళకింద గడ్డి పోయి ఇసుక, ఇసుక పోయి గులకరాళ్ళు వచ్చాయి. అలల చప్పుడు దూరంగా, మొద్దుగా, గోడ అవతలనుంచి వస్తున్నట్టుంది.

రాళ్ళు అతను పేర్చినట్టే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. కోలీన్ వాటిని తొలగించి, ఇసుక తవ్వాడు. మోకాలి లోతు. తొడ లోతు. ఏమీ తగల్లేదు. గొయ్యి మాత్రం మనిషి పడుకున్నట్టే ఉంది. భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ళ దగ్గర సన్నగా... అతను తవ్విన ఆకారం కాదది. ముందే అలా ఉన్నదాన్ని పైన ఇసుక తీసి చూసినట్టుంది.

"ఆటుపోటుకి కొట్టుకుపోయి ఉంటాడు," అన్నాడు కోలీన్.

ఆ రాళ్ళు కదలకుండా ఎలా పోతాడని ఊనా అడగలేదు. మోకాళ్ళమీద కూర్చుని కత్తెర తీసింది. కంకణం కిందకి మొన దూర్చడానికే చాలాసేపు పట్టింది. జుట్టు తీగలా బిగుసుకుని ఉంది. రెండు చేతులతో కోలీన్ నొక్కితే, ఒక్కో పాయే తెగింది. కింద చర్మం పాలిపోయి, ముడతలు పడి, రోజుల తరబడి నీళ్ళలో నానినట్టుంది. కంకణాన్ని గొయ్యిలో, తల ఉండవలసిన చోట పెట్టింది.

"అడుగు," అంది మొగుడితో. "క్షమించమని అడుగు."

కోలీన్ టోపీ తీశాడు. గడ్డిరంగు జుట్టు మంచుకి తడిసి నుదుటికి అంటుకుంది. పెదాలు కదిలాయి. కానీ నోటినుంచి వచ్చింది వేరే మాట.

"నీది నువ్వు తీసుకో. ఇక మా జోలికి రాకు."

అలల చప్పుడు ఆగింది.

అలలు ఎక్కడైనా ఆగుతాయా? ఆగాయి. కోలీన్ గబగబా ఇసుక తోసి, రాళ్ళు పేర్చి, ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఇరవై అడుగులు వేశారో లేదో, పార మర్చిపోయానన్నాడు. పోతే పోయింది వదిలెయ్యమంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే, ఇప్పుడే వస్తానంటూ చెయ్యి వదిలాడు. తెల్లదనం అతన్ని మింగేసింది.

ఊనా కదలకుండా నిలబడింది. కాసేపటికి పార రాయికి తగిలిన చప్పుడు వినిపించింది.

"కోలీన్?"

"ఇక్కడే." ఎడమవైపునుంచి.

"త్వరగా రా."

"వస్తున్నా." కుడివైపునుంచి... దగ్గరగా. అదే గొంతు.

ఊనా నోరు మూసుకుంది. రెండు వైపులా అడుగుల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తడి ఊపిరి. ముక్కులో నీళ్ళున్నవాడి ఊపిరి.

అప్పుడు వినిపించింది కత్తెర చప్పుడు.

కిర్... కిర్...

జేబు తడుముకుంది. ఖాళీ. గొయ్యి దగ్గరే వదిలేసిందా? జేబులో వేసుకున్నట్టు గుర్తుందే...

కిర్... కిర్... కిర్...

తొందర లేదు. గొర్రెని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పని తెలిసినవాడు ఓపిగ్గా కత్తిరిస్తున్నట్టు. కొంచెం ఆగి, అటు తిప్పి, మళ్ళీ. కోలీన్ అరవలేదు. ఒక్క మూలుగు కూడా లేదు. గొంతెత్తి పిలుద్దామనుకుంది. పిలిస్తే రెండో గొంతు పలుకుతుంది...

చప్పుడు ఆగింది. ఆమె వైపు ఒక గులకరాయి దొర్లింది.

పరుగెత్తింది. ఎటు పరుగెత్తుతోందో తెలీదు. పడింది, లేచింది, మళ్ళీ పడింది. గోడ చేతికి తగిలాక దాన్ని వదల్లేదు. ఊళ్ళోకొచ్చి పడేసరికి మోకాళ్ళు చీరుకుపోయాయి. పడమటి రేవు వైపు చెయ్యి చూపించింది.

మగాళ్ళు తాళ్ళు కట్టుకుని ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. చీకటి పడకముందే తెచ్చారు. కోలీన్ గొయ్యిలో ఉన్నాడట, వెల్లకిలా. కొలిచి తవ్వినట్టు సరిపోయాడట. మీద రాళ్ళు పేర్చి ఉన్నాయట. అలలు ఆ గట్టుకి ఇంకా వందడుగుల దూరంలోనే ఉన్నాయి. అయినా బోర్లా తిప్పితే నోట్లోంచి కడివెడు ఉప్పునీళ్ళు వచ్చాయి. తలమీద ఒక్క వెంట్రుక లేదు. చుట్టుపక్కల ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. నల్లకంకణమూ లేదు.

నాబ్లా ఏడవలేదు. కొడుక్కి స్నానం చేయించి, బోడితలకి తన శాలువా చుట్టింది. పూడ్చి వచ్చాక, పొయ్యి వంక చూస్తూ కోడలితో ఒక్క మాటంది.

"వాణ్ణి జుట్టడిగింది నువ్వు."

ఊనా మర్నాడే బట్టలు మూట కట్టుకుంది.

అవతలి ఒడ్డుకి వెళ్తున్న అన్నదమ్ములిద్దరు ఆమెని తారు పూసిన తమ చిన్న పడవలో ఎక్కించుకున్నారు. మంచు విడిచి ఎండ కాసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయినా పడవ వెనకభాగం కిందికి కుంగి ఉండడం చూసి, కాస్త ముందుకి జరగమ్మా అన్నాడు పెద్దవాడు. జరిగింది. కుంగు తగ్గలేదు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత తీరం చేరేదాకా తెడ్లు గట్టిగా వేశారు. ఊనా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

రోస్‌డూ రేవులో మెట్లమీద బార్ట్లీ అనే ముసలాయన కూర్చుని ఉంటాడు. రెండు కళ్ళకీ పొరలు కమ్మి పదేళ్ళైంది. పడవ వచ్చిన చప్పుడైతే చాలు, లేచి చెయ్యి చాచి దిగేవాళ్ళని పైకి లాగుతాడు. చేతిని బట్టి మనిషిని గుర్తుపడతానని ఆయన గొప్ప. ఊనా చెయ్యి అందుకుని మెట్టెక్కించాడు.

"పాట్రిక్ కూతురివి కదూ. పుట్టింటికి వచ్చావా తల్లీ," అన్నాడు.

అవునంది. ఎన్నాళ్ళకో ఒక మంచిమాట విన్నందుకు ఆమెకి కళ్ళు నిండాయి. మూట సర్దుకుని రెండు మెట్లెక్కింది. వెనక తెడ్లు గబగబా నీళ్ళలో పడిన చప్పుడైంది. మూట దింపగానే, డబ్బైనా అడక్కుండా, అన్నదమ్ములు పడవ తిప్పేశారు.

బార్ట్లీ ఇంకా కిందకి వంగే ఉన్నాడు. చెయ్యి చాచే ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, బరువైన మనిషిని లాగుతున్నట్టు వెనక్కి వాలాడు. ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు. ఆయన చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి నల్లబడింది.

"ఊనా," అన్నాడు గొంతు తగ్గించి. నవ్వబోయి నవ్వలేకపోయాడు. "మీ ఆయన నా చెయ్యి వదలడం లేదేంటే?"